మాతృభాష కాలమ్‌లో ఏం రాయాలి?



ఏప్రిల్ దగ్గర పడుతోందంటే మన సంఘానికి వచ్చే ఫోన్లలో సగం మూడేళ్ల పిల్లల గురించే ఉంటాయి. "అన్నా, కార్పొరేషన్ బడిలో మాంటిస్సోరి క్లాసు ఉందంట కదా, మా పాపకు సీటు దొరుకుతుందా?" అని ఒకరు. "అక్కా, ఆర్టీఈ ఫారాలు ఎప్పుడు వదులుతారు?" అని ఇంకొకరు. "మనం తెలుగువాళ్లం కదా, మనకు ఇస్తారా?" అని గొంతు తగ్గించి అడిగేవాళ్లు కూడా ఉన్నారు. తాతల కాలం నుంచి చెన్నైలో ఉంటూ, ఇక్కడే పుట్టి, ఇక్కడే ఓటేస్తూ, ఆ మూడో ప్రశ్న ఇంకా అడుగుతున్నాం. దానికి ఫోన్లో రెండు ముక్కల్లో జవాబు చెప్పడం మా వల్ల కావడం లేదు. అందుకే వివరంగా రాస్తున్నాం. కాస్త పొడుగైంది. ఇంట్లో మూడేళ్ల పిల్లలున్నవాళ్లు ఓపిగ్గా చదవండి. లేనివాళ్లు ఉన్నవాళ్లకు పంపండి.

ముందు ఆ పేరు సంగతి. మాంటిస్సోరి అనగానే ఏసీ గదులు, లక్షల ఫీజులు గుర్తొస్తాయి మనకు. అసలు కథ అది కాదు. మరియా మాంటిస్సోరి ఇటలీ దేశపు డాక్టరమ్మ. ఆవిడ మొదటి పిల్లల ఇల్లు 1907 జనవరి 6న రోము నగరంలో శాన్ లోరెంజో అనే పేటలో తెరిచారు. అది కూలీనాలీ జనం ఉండే పేట. తల్లిదండ్రులు పనికి పోతే మెట్ల మీద, వసారాల్లో గోడలు పాడుచేస్తూ తిరిగే పిల్లల కోసం పెట్టిన బడి అది. మన హౌసింగ్ బోర్డు బ్లాకుల్లో సాయంత్రం పూట కనబడే పిల్లలే అనుకోండి. అంటే ఈ పద్ధతి పుట్టిందే మనలాంటి వాళ్ల పిల్లల దగ్గర. పెద్దింటి పిల్లల దగ్గరికి తర్వాత చేరింది.

ఇంకో సంగతి. ఆవిడ మన ఊళ్లోనే ఉన్నారు. దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షులు జార్జ్ అరండేల్ గారి పిలుపు మీద 1939లో మద్రాసు వచ్చి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. మరుసటి ఏడు ఇటలీ యుద్ధంలోకి దిగేసరికి ఇంగ్లీషు ప్రభుత్వం ఆవిడను శత్రుదేశస్థురాలిగా లెక్కగట్టి కట్టడి చేసింది, కొడుకును నిర్బంధించింది. ఆవిడ 70వ పుట్టినరోజు నాటికి కొడుకును విడిచిపెట్టారు. కొంతకాలం కొడైకెనాల్‌లో పనిచేసి, 1946లో యూరపు వెళ్లి, మళ్లీ వచ్చి 1949 దాకా ఇక్కడివాళ్లకు నేర్పారు. పసిపిల్లల మనసు చుట్టూ ఉన్నదాన్ని ఎలా పీల్చుకుంటుందో చెప్పే ఆవిడ పుస్తకం 1949లో అడయారులోనే అచ్చయింది. విజయవాడలో కోటేశ్వరమ్మ గారు 1955లో మొదలుపెట్టిన సంస్థల వల్ల కూడా ఈ పేరు మన తెలుగువాళ్ల చెవికి కొత్తది కాదు. కాబట్టి "అది మనకెందుకులే, పెద్దోళ్ల చదువు" అనకండి.

అయితే పేరు చూసి మోసపోకండి. మాంటిస్సోరి అన్న మాట మీద ఎవరికీ హక్కు లేదు. ఏ సందులోనైనా రెండు గదులు తీసుకుని, గోడ మీద మిక్కీ మౌస్ బొమ్మ వేసి, ఆ పేరుతో బోర్డు పెట్టుకోవచ్చు. ప్రైవేటైనా, కార్పొరేషనైనా, వెళ్లి ఒక అరగంట చూడండి. మూడేళ్ల పిల్లలూ ఐదేళ్ల పిల్లలూ ఒకే గదిలో కలిసి ఉన్నారా? సామాన్లు పిల్లల చేతికి అందే ఎత్తులో ఉన్నాయా, లేక బీరువాలో తాళం వేసి ఉన్నాయా? పిల్ల తనకు కావలసిన పని తాను తీసుకుని, చాప మీద పెట్టుకుని, అయ్యాక మళ్లీ అక్కడే పెడుతోందా? టీచరమ్మ అందరి ముందూ నిలబడి అరుస్తోందా, ఒక్కొక్కరి పక్కన కూర్చుని చూపిస్తోందా? ఈ నాలుగూ చూస్తే మీకే తెలిసిపోతుంది. ఆ బోర్డు పెట్టిన ఒక చోట మేము చూసింది మూడేళ్ల పిల్లలను బెంచీల మీద కూర్చోబెట్టి ఏ బి సి డి నాలుగు గీతల నోటుబుక్కులో రాయించడం. ఒక కార్పొరేషన్ బడిలో చూసింది పిల్లలు చిన్న జగ్గుతో నీళ్లు ఒలకకుండా గ్లాసులో పోయడం, పప్పులు వేరుచేయడం, గులాబీరంగు చెక్కముక్కలు పెద్దది కింద చిన్నది పైన పేర్చడం. డబ్బు కట్టే చోట లేనిది కట్టని చోట ఉంది.

ఇక దారులు రెండు. ఒకటి, కార్పొరేషన్ లేదా ప్రభుత్వ బడిలో నేరుగా ఎల్‌కేజీలో చేర్చడం. మాంటిస్సోరి పద్ధతి అన్ని బడుల్లోనూ లేదు. మీ ఇంటికి దగ్గరలో ఎక్కడ ఉందో వెళ్లి అడగాలి. గదికి ఇంతమందే అన్న లెక్క ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు. రెండోది ఆర్టీఈ. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడులు మొదటి తరగతిలో, ఎల్‌కేజీ ఉంటే ఎల్‌కేజీలోనే, నూటికి 25 సీట్లు ఉచితంగా ఇవ్వాలి. మైనారిటీ బడులకు ఈ నిబంధన లేదు. పాపకు జూలై 31 నాటికి మూడేళ్లు నిండాలి. ఇల్లు బడికి కిలోమీటరు లోపల ఉండాలి. బలహీనవర్గం కింద అడిగేవాళ్లకు ఏడాది ఆదాయం రెండు లక్షలు దాటకూడదు. బీసీ, ఎంబీసీ, ఎస్సీ, ఎస్టీ కింద అడిగేవాళ్లు కులధృవపత్రం చూపాలి. సీట్ల కన్నా దరఖాస్తులు ఎక్కువైతే చీటీ తీస్తారు.

మేము చెప్పేది ఒకటే. ఆర్టీఈ వేయండి, కానీ దాన్నే నమ్ముకుని కూర్చోకండి. 2025లో కేంద్రానికీ రాష్ట్రానికీ నిధుల తగాదా వచ్చి, మామూలుగా వేసవిలో జరగాల్సిన ఆర్టీఈ ప్రవేశాలు అక్టోబరు దాకా మొదలు కాలేదు. అప్పటికి మిగతా పిల్లలు సగం ఏడాది చదివేశారు. పైగా ఫీజు లేదన్నారని వెళ్తే పుస్తకాలకు, యూనిఫారానికి, వ్యానుకు అని వేలు అడిగిన చోట్లు ఉన్నాయి. ముందు కార్పొరేషన్ బడిలో సీటు ఖాయం చేసుకోండి.

కాగితాల దగ్గర మనవాళ్లకు వచ్చే చిక్కులు మూడు. అవి మిగతావాళ్లకు అంతగా రావు కాబట్టి ప్రత్యేకంగా చెప్పాలి.

మొదటిది, జనన ధృవపత్రంలో పాప పేరు ఉండదు. పురుడు పోసుకున్న ఆస్పత్రి నుంచి వచ్చిన కాగితంలో తల్లి పేరు, తండ్రి పేరు, ఆడపిల్ల అని మాత్రమే ఉంటుంది. నామకరణం అయ్యాక పేరు ఎక్కించాలన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. ఏడాది లోపల అయితే రుసుము లేదు. తర్వాత అయితే రుసుము కట్టి 15 ఏళ్ల దాకా ఎక్కించుకోవచ్చు. ఏప్రిల్‌లో పరుగెత్తకుండా ఇప్పుడే చూసుకోండి.

రెండోది, ఇనీషియల్. ఇది మనకే పట్టిన పీడ. మన తాతల కాగితాల్లో ఇంటిపేరు మొదటి అక్షరం ఇనీషియల్‌గా ఉంటుంది. నాన్నల కాలానికి తమిళ పద్ధతి వచ్చి తండ్రి పేరు మొదటి అక్షరం అయింది. ఆధార్ తీసిన అబ్బాయి ఇంకోలా కొట్టి ఉంటాడు. రేషన్ కార్డులో ఒకటి, ఆధార్‌లో ఒకటి, కులపత్రంలో ఒకటి. బడిలో కూర్చున్నవాళ్లు "ఈ మూడూ ఒకరేనా?" అని అడగడంలో తప్పేమీ లేదు. పాపకు ఏ ఇనీషియల్ పెట్టాలో ఇంట్లో కూర్చుని ఒకసారి తేల్చుకుని, అన్ని కాగితాల్లో అదే ఉండేలా చూడండి. ఇనీషియల్ ఏదైనా ఇంటిపేరు మాత్రం పిల్లలకు చెప్పండి. మా దగ్గరికి వచ్చిన కుర్రాళ్లలో "మీ ఇంటిపేరేంటి నాయనా?" అంటే అమ్మకు ఫోన్ చేసి కనుక్కున్నవాళ్లు ఉన్నారు.

మూడోది, మాతృభాష కాలమ్. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఇదే.

పోయిన ఏడాది ఉత్తర చెన్నైలో ఒక కుటుంబంతో కలిసి బడికి వెళ్లాం. తండ్రి బీరువాలకు, తలుపులకు పాలిష్ పట్టే పని చేస్తాడు. తల్లి ఒక బట్టల కంపెనీలో కుట్టుపని. పాపను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చూసుకునేది అవ్వ. ఆర్టీఈ మాట ఎటూ తేలలేదు. నడిచివెళ్లే దూరంలో ఉన్న కార్పొరేషన్ బడిలో మాంటిస్సోరి గది ఉంది. పెద్ద టీచరమ్మ మంచావిడ. కాగితాలన్నీ చూసి, తమిళంలోనే "మాతృభాష?" అని అడిగింది. పాప తండ్రి తడుముకోకుండా "తమిళం" అన్నాడు.

పక్కన కూర్చున్న అవ్వ ఊరుకోలేదు. "ఇంట్లో పొద్దస్తమానం తెలుగే కదా నాయనా మనం మాట్లాడుకునేది!" అంది కొడుకుతో, అందరికీ వినబడేలా. టీచరమ్మ నవ్వి, "తెలుగా? అయితే తెలుగే రాస్తానమ్మా" అంది. సీటుకు ఏ అడ్డమూ రాలేదు. రెండు నిమిషాల్లో పని అయిపోయింది.

బయటికి వచ్చాక ఆ అబ్బాయి మాతో అన్నాడు: "మీకు తెలియదన్నా. నన్ను బడిలో గొల్టి, గొల్టి అని పిలిచేవాళ్లు. నా కూతురికి ఆ మాట పడకూడదనే అలా చెప్పాను." మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ఆ మాట మాలో వినని వాళ్లు లేరు. అతను సిగ్గుపడి దాచలేదు, బిడ్డను కాపాడుకోవాలని దాచాడు. ఇది చదివే మీలో కొందరు కూడా ఇదే కారణంతో అలా రాసి ఉంటారు. వాళ్లను తప్పుపట్టడానికి మేమెవరం?

అయినా రాయాలి, ఎందుకో చెబుతాం. 2011 జనగణనలో తమిళనాడులో మాతృభాష తెలుగు అని చెప్పినవాళ్లు దాదాపు 42 లక్షలు. అంటే నూటికి ఇంచుమించు ఆరుగురు. రాజ్యాంగంలో 350-ఎ అధికరణం ఉంది, 1956లో చేర్చారు. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించడానికి రాష్ట్రం ప్రయత్నించాలని అది చెబుతుంది. కానీ వసతి అడగాలంటే పిల్లలు ఎక్కడున్నారో చూపించాలి. ఒక్కో తెలుగు టీచరు రిటైరవుతున్నారు. ఆ ఖాళీలో ఇంకొకరిని వేయమని మన పెద్దలు వినతిపత్రం పట్టుకుని వెళ్తే, "ఆ వార్డులో తెలుగు పిల్లలెక్కడ ఉన్నారండీ?" అని అడుగుతారు. రిజిస్టరులో అందరూ తమిళమే. అక్కడ లేనివాళ్ల కోసం టీచరును వేయమని ఎలా అడగడం?

పాపకు సీటు వచ్చింది. కథ అక్కడ అయిపోలేదు. అందరికీ పనికొస్తుందని తర్వాత జరిగింది కూడా చెబుతున్నాం, ఆ కుటుంబం సరేనన్న మీదటే.

మొదటి రెండు నెలలు పాప బడిలో నోరు విప్పలేదు. సామాన్లు తీసేది, పని చేసుకునేది, మాట మాత్రం లేదు. ఒక్కోసారి మధ్యాహ్నం ఏడ్చేది. ఏడుస్తూ "ఇల్లు, ఇల్లు" అనేది. మిస్ ఏమో "ఏం కావాలి? నీళ్లా? బొమ్మా?" అని తమిళంలో అడిగేది. పాప మళ్లీ "ఇల్లు" అనేది. తమిళం తెలిసినవాళ్లకు వెంటనే అర్థమై ఉంటుంది. మిస్ చెవికి అది "ఇల్ల" అని వినబడింది. అంటే కాదు, లేదు అని. పాప ఇంటికి పోదామంటుంటే, ఆవిడ ఏది చూపించినా వద్దంటోంది అనుకుంది. పాపం ఇద్దరిదీ తప్పు లేదు.

చివరికి మిస్ తల్లిని పిలిచి, "ఇంట్లో కూడా తమిళమే మాట్లాడండి, త్వరగా కలిసిపోతుంది" అంది. మంచికే చెప్పింది. మన పిల్లలున్న ప్రతి బడిలోనూ ఈ సలహా వినబడుతుంది. ఆ తల్లి ఆ రోజు నుంచే మొదలుపెట్టింది. ఆవిడకు తమిళం బాగానే వచ్చు. అవ్వకు వచ్చింది బజారు తమిళం. కూరగాయలు బేరమాడటానికి సరిపోతుంది, కథ చెప్పడానికి చాలదు. దాంతో అవ్వ మనవరాలితో మాట్లాడటం తగ్గించేసింది. బడిలో మౌనంగా ఉన్న పిల్ల ఇంట్లోనూ మౌనంగా ఉండటం మొదలైంది. ఈ సంగతి తండ్రి ఫోన్ చేసి చెప్పినప్పుడు అతని గొంతు బాగాలేదు.

మేము ఇద్దరం బడికి వెళ్లాం, పోట్లాటకు కాదు. మిస్‌తో కూర్చుని మాట్లాడాం. కొత్త భాష మధ్యలో పడ్డ పిల్లలు కొన్నాళ్లు మాట్లాడకుండా వింటూ ఉండటం మామూలే. ఆరేళ్ల లోపు పిల్లలు చుట్టూ ఉన్న భాషను కష్టపడకుండా పీల్చుకుంటారని చెప్పిందే మాంటిస్సోరి. మరి ఆ గదిలో పాపకు తమిళం దానంతట అదే వస్తుంది. దానికోసం అవ్వ నోరు మూయించనక్కర్లేదు. మిస్ విన్నది. తర్వాత ఆవిడే ఒక మాట అడిగింది: "పాప చెప్పే మాటలు నాకు అర్థం కావాలి కదా, రాసిస్తారా?"

అవ్వ చెబుతుంటే, తల్లి తమిళ లిపిలో ముప్పై మాటలు రాసిచ్చింది. నీళ్లు, ఆకలి, నిద్ర, నొప్పి, భయం, ఒంటికి వస్తోంది, అమ్మ ఎప్పుడొస్తుంది, ఇల్లు. "ఆకలి" దగ్గర అందరూ నవ్వుకున్నారు. ఆకలిని తమిళంలో "పసి" అంటారు. అవ్వకు పసి అంటే చంటిబిడ్డ. ఆ కాగితం గది గోడకు అంటించారు. ఇంట్లో మళ్లీ తెలుగు మొదలైంది. పాప బడిలో తమిళంలో మాట్లాడటానికి ఇంకో నెల పట్టింది. ఇప్పుడు అవ్వకే తమిళం దిద్దుతోందట.

ఇంకొకటి ఆ తండ్రి చేసిన పని. మాంటిస్సోరి గదిలో గరుకు అక్షరాలు ఉంటాయి. చెక్కపలక మీద ఉప్పుకాగితంతో కోసి అంటించిన అక్షరాలు. పిల్లలు వేలితో వాటి మీద దిద్దుతూ నోటితో పలుకుతారు. పలక, బలపం కంటే ముందే అక్షరం వేలికి అలవాటవుతుంది. బడిలో తమిళం, ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి, తెలుగు లేదు. పాలిష్ పనివాడికి ఉప్పుకాగితం కొదవా? మిగిలిన ముక్కలతో అట్టల మీద అ నుంచి అః దాకా తనే కోసి అంటించాడు. ఋ దగ్గర అవ్వను అడిగాడట, అవ్వకు చదువు రాదు, మాకు ఫోన్ చేశాడు. తెలుగు రాయడం రాని తండ్రి కూతురి కోసం చేస్తూ చేస్తూ అచ్చులు తను కూడా నేర్చుకున్నాడు.

కొందరు అడుగుతారు, ఇదంతా ఎందుకు, తమిళం వస్తే చాలదా అని. తమిళం రావాలి. మనకు అన్నం పెడుతున్న నేల భాష అది, చక్కగా రావాలి. దాని గురించి బెంగ అక్కర్లేదు. 2006 చట్టం వచ్చాక ఒకటో తరగతి నుంచి తమిళం చదవాల్సిందే, పిల్లలు చదువుతారు, వీధిలో మాట్లాడతారు. ఇంగ్లీషును బడులు చూసుకుంటాయి. తెలుగును చూసుకునేవాళ్లు మాత్రం ఇంట్లో ఉన్నవాళ్లే. మూడు నుంచి ఆరేళ్ల మధ్య దానికి ఖర్చు ఏమీ లేదు, అవ్వ పక్కన కూర్చోబెడితే చాలు. పదేళ్లు దాటాక ట్యూషన్ పెట్టించినా అంత తేలిగ్గా రాదు.

కాబట్టి ఈ ఏడాది దరఖాస్తు చేసేవాళ్లకు మా విన్నపం. పేరు ఎక్కించిన జనన ధృవపత్రం, పాప ఆధార్, తల్లిదండ్రుల ఆధార్, రేషన్ కార్డు, కులధృవపత్రం, ఆదాయ ధృవపత్రం, నాలుగు ఫోటోలు ఒక కవరులో పెట్టి ఉంచుకోండి. ధృవపత్రాలకు ఈ-సేవై కేంద్రంలో ముందే అప్లై చేయండి, ఎండాకాలంలో రద్దీ ఉంటుంది. ఇనీషియల్ సరిచూసుకోండి. బడి లోపలికి వెళ్లి గది చూడండి. ఫారం నింపడం రాకపోతే ఆదివారం పొద్దున సంఘం ఆఫీసుకు రండి, ఎవరో ఒకరం ఉంటాం. డబ్బేమీ ఇవ్వక్కర్లేదు. బడికి తోడు రమ్మంటే వస్తాం.

మాతృభాష ఏమిటని అడిగినప్పుడు మాత్రం మమ్మల్ని చూడకండి, ఇంట్లో పాపతో మీరు ఏం మాట్లాడతారో అదే చెప్పండి. వీలైతే అవ్వనో తాతనో వెంట తీసుకెళ్లండి.